పంపు దారిలో ఉంది

‘దేవుడున్నాడమ్మా’ అని ఆ ఉదయం నాతో అన్నవాళ్ళలో ఒక్కడి చేతిలోనూ పార లేదు.

కాంట్రాక్టరు చేతిలో ఫోను ఉంది. ఇంజనీరు చేతిలో చుట్టచుట్టిన నక్షా ఉంది. మా ప్రార్థన మందిరం పెద్దయ్యగారి చేతిలో గొడుగు ఉంది. వీధి మధ్యలో తవ్విన గోతిలో మట్టి కూలిపోయి, మా ఆయన భూమి కింద సిమెంటు గొట్టంలో చిక్కుకుపోతే, పైనున్న ఇంతమందికీ నాకివ్వడానికి దొరికింది ఆ ఒక్క మాటే. నేను గమనించినంతవరకు ఆ మాట అనేవాడు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఉంటాడు. దేవుడున్నాడు కాబట్టి తాను ఉండక్కర్లేదని వాడి లెక్క.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. నేను బట్టలుతికే దుకాణంలో ఇస్త్రీ చేస్తాను. పెట్టె ఆపేసినా ఈవిడ వేడి తగ్గదని అక్కడివాళ్ళ వేళాకోళం. మా ఆయన నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడని పనిలో అతన్ని గునపం అని పిలుస్తారు. మురుగునీటి గొట్టాలు వేసే పని. ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ‘జీతం వచ్చే వారం’ అంటే నమ్ముతాడు, ‘ఈ చొక్కా రంగు పోదు’ అంటే నమ్ముతాడు. ఆ గుణం వాళ్ళమ్మ నుంచి వచ్చింది. మా అత్తకు లోకంలో అబద్ధాలాడేవాళ్ళు ఉన్నారని తెలుసు గానీ, వాళ్ళు వేరే ఊళ్ళో ఉంటారని ఆవిడ నమ్మకం.

మా ఇల్లు రెండు గదులు, మధ్యన పలచటి చెక్కగోడ. తెల్లవారగానే ఆ పక్క అత్త గొంతెత్తి ప్రార్థన మొదలుపెడుతుంది. ఈ పక్క నేను గొంతెత్తి నీళ్ళు రాలేదనో, పొయ్యి వెలగలేదనో సణుగుడు మొదలుపెడతాను. ఇద్దరి గొంతులూ పోటీ పడ్డాయంటే మా ఆయన వేలి కణుపులతో గోడ మీద ఒక్కటి కొడతాడు. ఒక్క దెబ్బంటే ఇద్దరం నోరు మూసుకోవాలి. రెండు కొడితే తినడానికి రమ్మని. పనిలోంచి ఇంటికి తెచ్చుకున్న అలవాటు. దానికి అత్త నవ్వేది, నేను గొణిగేదాన్ని, ఇద్దరం మాత్రం ఆగేవాళ్ళం.

ఆ రోజు ఇస్త్రీ బల్ల దగ్గరికే కబురొచ్చింది. ఇంటికి పరిగెత్తి అత్తను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి ఆ వీధి సగం తాళ్ళు కట్టి మూసేశారు. అగ్నిమాపక సిబ్బంది అప్పటికే దిగారు. గోతి అంచున పనిచేస్తున్న ఇద్దరు మట్టి మీదపడి దెబ్బలు తగిలి ఆసుపత్రికి వెళ్ళారు. వాళ్ళ మేస్త్రి మాత్రం కేసు తన మెడకు చుట్టుకుంటుందని కాళ్ళకు బుద్ధి చెప్పాడు. అంటే గొట్టం పని తెలిసినవాడు ఒక్కడు కూడా అక్కడ మిగల్లేదు. ఆ సంగతి ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలియలేదు.

అక్కడ నేను తిట్టలేకపోయిన మనిషి ఒకే ఒక్కడు, అగ్నిమాపక అధికారి. నడుం దాకా బురదలో ఉన్నాడు, అందుకని. ఆయన నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. గొట్టం లోపలికి పోనుపోను కొంచెం ఎత్తుగా ఉంటుంది. మా ఆయన ఆ ఎత్తు వైపు ఉండుంటాడు. అక్కడ గాలి కొంత ఉంటుంది. కానీ మట్టి కూలినప్పుడు మంచినీళ్ళ గొట్టం పగిలి గోతిలోకి నీళ్ళు చేరాయి. ఆ నీళ్ళు సిమెంటు గొట్టంలోకి ఊరుతున్నాయి. అక్కడున్న చిన్న పంపు బురద మింగి మొరాయించింది. పెద్ద పంపు కావాలి.

“పంపు లేకుండా దిగలేరా?” అని అడిగాను.

“దిగొచ్చమ్మా, బకెట్లతో తోడుకుంటూ, చెక్కలు పెట్టుకుంటూ. కానీ పైమట్టి ఇంకా వేలాడుతోంది. లోపల మనిషి బతికున్నాడని ఒక్క చప్పుడు వినపడితే మావాళ్ళను ఇప్పుడే దింపుతాను. వినపడకపోతే వీళ్ళ ప్రాణాలు పణంగా పెట్టలేను.”

అందుకని మట్టిలోంచి ఒక ఇనప కడ్డీ గొట్టానికి తగిలేదాకా దిగగొట్టారు. ఒకతను సుత్తితో కడ్డీ తల మీద ఒక దెబ్బ వేస్తాడు. ఇంకొకతను చెవి ఆనించి వింటాడు. ఏమీ ఉండదు. మళ్ళీ ఒక దెబ్బ. మళ్ళీ చెవి. అక్కడ మిషన్లన్నీ ఆపించారు. దుకాణాలవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో నోరు చేసుకుంటున్నది నేనొక్కదాన్నే.

ఎందుకంటే పంపు రాలేదు. కాంట్రాక్టరును అడిగితే ‘దారిలో ఉంది’ అన్నాడు. దారిలో ఉంది అనే మాట సంగతి నాకు తెలియంది కాదు. మా దుకాణంలో బట్టలింకా నీళ్ళలో నానుతున్నప్పుడు మా యజమాని ఫోనులో చెప్పే మాట అదే.

“ఏ దారిలో ఉంది?” అన్నాను.

ఆయన ఫోను చెవికి పెట్టుకుని అటు తిరిగి, నేను ఇటు పక్కకు వెళ్ళి నిలబడితే మళ్ళీ అటు తిరిగి, చివరికి ఆ మాట అననే అన్నాడు. “ధైర్యంగా ఉండమ్మా. దేవుడున్నాడు.”

“దేవుడున్నాడు సరే. పంపు ఎక్కడుంది?”

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నవ్వాపుకున్నారు. నేను నవ్వించడానికి అనలేదు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అని ఊరికే అన్నారా? ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నక్షా విప్పి, గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో చూపించాడు. మా ఆయన ఎక్కడున్నాడో అందులో లేదు. ఆ కాగితాన్ని తీసుకుని గోతిలోకి విసిరేద్దామనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

అత్త మాత్రం తాడు పక్కన ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. ఎప్పుడూ అంత చప్పుడు చేసే మనిషి ఇక్కడ ఎందుకిలా గుసగుసగా అంటోందని ఒక్క క్షణం అనిపించింది. పట్టించుకోలేదు.

పెద్దయ్యగారు గొడుగు కింద నిలబడి, దేవుడు మాట ఇచ్చి తప్పేవాడు కాడని, అవసరం ఎంత పెద్దదైతే సాయం అంత దగ్గరని నాకు నచ్చజెప్పబోయారు. ఆయన మంచివాడే. మా పెళ్ళికి కుర్చీలు మోశాడు కూడా. కానీ ఆ పూట ఆయన మాట పుండు మీద కారం చల్లినట్టుంది. ఆ దగ్గరగా ఉన్న సాయం ఏ సందులో ఆగిందో కనుక్కుని రమ్మన్నాను. ఆయన నొచ్చుకోలేదు. అది ఇంకా కోపం తెప్పించింది.

అప్పుడు అత్త కళ్ళు తెరిచి, “నాకు మాట వచ్చిందే అమ్మాయ్” అంది. “నీ కొడుకు నీ చేతికి వస్తాడు అని లోపల గట్టిగా వినపడింది. ఆయన మాట ఇచ్చాడు.”

“శవాన్ని కూడా చేతికే ఇస్తారు అత్తా.”

అన్నాను. అన్నాక నాలుక కరుచుకోలేదు. అత్త ముఖంలో రక్తం ఇంకిపోయింది. నా చెయ్యి పట్టుకోబోయి ఆగి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. పెద్దయ్యగారు నేల చూశారు. నాకు జాలి కలగలేదు. ఎవరి మీదా జాలి పడే పరిస్థితిలో లేను. పీకలదాకా ఉన్నది ఒకటే, మంట.

గోతి వైపు తిరిగి నిలబడి ఈసారి పైవాణ్ణే పట్టుకున్నాను. గట్టిగా కాదు, పళ్ళ మధ్య నుంచి. ‘నిన్నెవరు మాటివ్వమన్నారు? అడిగామా? ఇవ్వలేనివాడు ఊరుకోవాలి. ఆ ముసలావిడ ఇన్నేళ్ళూ తెల్లవారకముందే లేచి నీ పేరే జపించింది. ఒక్కగానొక్క కొడుకు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అవసరం పడింది. కాంట్రాక్టరు పంపు దారిలో ఉంది. నీ సాయం కూడా దారిలోనే ఉందా? ఆయనకూ నీకూ తేడా ఏమిటి? ఆయన కనీసం నా ముందుకొచ్చి మొహం చూపిస్తున్నాడు.’ ఇలాంటివి ఇంకా చాలా అన్నాను. కొన్ని రాయకూడనివి. ఉన్నాడో లేడో అనే అనుమానం మాత్రం నాకు రాలేదు. లేనివాడి మీద అంత కోపం రాదు.

సుత్తి పడుతూనే ఉంది. ఒకటి. చెవి. ఒకటి. చెవి. గోతిలో నీళ్ళు ఇంకొంచెం పైకి వచ్చి, ఒక చెక్కముక్క తేలుతూ అంచుకు తగులుకుంది.

చివరికి అధికారి సుత్తి ఆపించి నా దగ్గరికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ తీయడంలోనే అర్థమైంది. “ఎంతసేపు కొట్టినా లోపలి నుంచి జవాబు లేదమ్మా. ఇక మనుషుల్ని దింపలేను. పంపు వచ్చాక చూద్దాం” అన్నాడు.

చూద్దాం. మన భాషలో చూద్దాం అంటే ఏమిటో సంబంధాలు వెతికినవాళ్ళకూ, ఉద్యోగానికి తిరిగినవాళ్ళకూ ఎవరూ చెప్పక్కర్లేదు.  అత్త పక్కన నేల మీదే కూలబడ్డాను. తిట్టడానికి కూడా ఎవరూ కనపడలేదు. కాంట్రాక్టరు ఎప్పుడు జారుకున్నాడో వీధి చివర నిలబడి ఉన్నాడు.

అత్త నా భుజం తట్టింది. ఏదో అడగరానిది అడుగుతున్నట్టు, మెల్లగా చెవి దగ్గర అంది. “ఏమే, పొద్దుటి నుంచి వీళ్ళెందుకు వాణ్ణి నోరు మూసుకోమంటున్నారు?”

నాకు అర్థం కాలేదు.

“ఒక్కటే కొడుతున్నారు కదే. ఒక్కటంటే చప్పుడు చెయ్యొద్దనే కదా. నేనూ అందుకే లోపల్లోపలే ప్రార్థించుకుంటున్నాను.”

 మా ఆయన మా ఇంటి గోడ మీద కొట్టే దెబ్బకు అసలు అర్థం ఏమిటో ఎన్నోసార్లు చెప్పాడు. మట్టి కదిలే ముందు చిన్న చప్పుడు చేస్తుంది. పైనున్నవాడికి అది అనుమానంగా తోచిందంటే గొట్టం మీద ఒక్కటి కొడతాడు. నేల మాట్లాడుతోంది, నువ్వు మాట్లాడకు అని. లోపలున్నవాడు ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి. దగ్గకూడదు, కదలకూడదు, పలకకూడదు. ఏ పక్క మట్టి పలుకుతోందో పైవాడు వినాలి కదా. అంతా బాగుందనుకుంటే పైవాడు రెండు కొడతాడు, వచ్చెయ్ అని. అప్పుడు లోపలివాడు తిరిగి రెండు కొట్టి కదులుతాడు. ‘ఆగమన్నవాడే రమ్మనాలి. అంతదాకా కదిలితే ప్రాణం పోయినట్టే’ అని మా ఆయన అదేదో తనే కనిపెట్టినట్టు గొప్పగా చెప్పేవాడు. నేను ఇస్త్రీ చేసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

మనిషి లోపల కూర్చుని ఉన్నాడు. వీళ్ళు నోరు మూసుకో అంటున్నారు, అతను మూసుకుంటున్నాడు. పలకడం లేదని వీళ్ళు చచ్చాడంటున్నారు.

“ఇది నీకు ఎప్పుడు తోచింది అత్తా?”

“వచ్చిన కాసేపటికే. పెద్దపెద్దవాళ్ళు కదా, తెలియక చేస్తారా, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను.”

“దేవుణ్ణి నమ్ము, నేను కాదనను. వీళ్ళను కూడా నమ్మావా?”

అత్త మీద అరిచాను గానీ ఆవిడకన్నా నేనేం మేలు? అదే ఇంట్లో, అదే గోడ పక్కన ఉంటున్నదాన్ని. అన్ని దెబ్బలూ నా చెవుల ముందే పడ్డాయి. నా నోరు ఆగితే కదా వినపడడానికి.

తాడు కింద నుంచి దూరి పరిగెత్తాను. ఇంజనీరు ఆగమ్మా ఆగమ్మా అంటూ అడ్డం వచ్చాడు. అతన్ని తోసినట్టు గుర్తు. కడ్డీ దగ్గర కూర్చున్న కుర్రవాణ్ణి అడగలేదు, సుత్తి లాక్కున్నాను. అధికారి చెయ్యెత్తి మిగిలినవాళ్ళను ఆపాడు. ఎందుకాపాడో నాకు తెలియదు. బహుశా భర్త పోయిన ఆడదానికి ఆమాత్రం హక్కు ఉందనుకున్నాడేమో.

రెండు కొట్టాను. మొదటి దెబ్బ కాంట్రాక్టరు మీద. రెండోది, దాచేదేముంది, దేవుడి మీద.

ఏమీ లేదు. కడ్డీ గుయ్‌మని ఆగిపోయింది. వీధి అంతా నా చేతుల వంకే చూస్తోంది. ఎప్పుడొచ్చిందో అత్త నా వెనక బురదలో నిలబడి ఉంది. నా మోచెయ్యి పట్టుకుంది.  పొద్దుటి నుంచి రాయిలా కూర్చున్న మనిషి, మాట వచ్చిందన్న మనిషి, పసిపిల్లలా నా వంక చూసి, “రాడేమోనే” అంది.

ఆ మాట నేను అనాల్సింది. ఆవిడ అనకూడదు. ఆవిడే అనేస్తే ఇంక మా ఇంట్లో నమ్మే పని ఎవరు చేస్తారు? నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“వస్తాడు. నీకు మాటిచ్చాడన్నావుగా. ఇచ్చినవాణ్ణి వదిలిపెడతావా?” అన్నాను.

కడ్డీ మీద పెట్టిన నా అరచేతికి ముందు తెలిసింది. చెవికి తర్వాత. కిందనుంచి, చాలా నీరసంగా, ఒకటి. కొంచెం ఆగి, ఇంకొకటి.

ఆ తర్వాత ఎవరినీ తిట్టే అవసరం రాలేదు. అధికారి ఒక కేక పెట్టాడు, మనుషులు చెక్కలతో దిగారు. దుకాణాలవాళ్ళు బకెట్లు, గంగాళాలు, నూనె డబ్బాలు తెచ్చారు. గోతి నుంచి వీధి చివరిదాకా వరస కట్టాం. పెద్దయ్యగారు గొడుగు మూసి గోడకు ఆనించి, నా పక్కన నిలబడి బురదనీళ్ళ బకెట్లు అందుకున్నారు. ఆ రోజు ఆయన చేసిన అసలు ప్రార్థన అదేనని నాకనిపించింది. పైకి అనలేదు. నా నోట్లో మాట ఆగడం అరుదు కాబట్టి చెబుతున్నాను. కాంట్రాక్టరుకు కూడా ఒక బకెట్టు అందించాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మా ఆయన్ను పైకి తెచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, ఎడమ కాలు తిరగకూడని వైపుకు తిరిగి ఉంది. అత్త రెండు చేతులతో అతని మొహం పట్టుకుంది. పట్టుకుని మాట్లాడలేదు. నేను మాట్లాడాను.

“నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?”

“గడ్డం దాకా” అన్నాడు, పళ్ళు కొట్టుకుంటుండగా. “ఎందుకంతసేపు ఆగమన్నారు? నేల బాగా కదిలిందా?”

నా ఒళ్ళు భగ్గుమంది. గడ్డం దాకా నీళ్ళు. పైన ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు, ఏం కొడుతున్నాడో వాడికే తెలియనివాడు కొడితే, ఆ దెబ్బలకు ఈ మనిషి చీకట్లో దగ్గు కూడా ఆపుకుని కూర్చున్నాడు. “ఒక్క కేక పెట్టలేకపోయావా? తిరిగి కొట్టలేకపోయావా?” అన్నాను.

“ఆగమన్నవాడే రమ్మంటాడు కదా.”

“రమ్మనకపోతే?”

 ఆ సంగతి అప్పటిదాకా తనకు తోచనే లేదని మొహం చూస్తే తెలిసింది. నేను తల తిప్పుకున్నాను. అతను నా వేలు పట్టి లాగాడు.

“రెండు దెబ్బలూ పడగానే నువ్వే అనుకున్నాను.”

“ఎలా?”

“అంత కోపంగా ఇంకెవరు రమ్మంటారు?”

అంబులెన్సు ఎక్కాం. ఆ వీధి మలుపు తిరుగుతుంటే ఎదురుగా ఒక లారీ దారి కోసం హారన్ కొడుతూ ఆగి ఉంది. దాని వెనక పచ్చ రంగు పంపు, కొత్తది, తాళ్ళతో కట్టి ఉంది. కాంట్రాక్టరు అబద్ధం చెప్పలేదు. పంపు దారిలోనే ఉంది.

లోపల అత్త గొంతు తిరిగి వచ్చింది. కళ్ళు మూసుకుని, మా ఇంటి గోడ కూడా ఆపలేనంత గట్టిగా కృతజ్ఞతలు మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను, నా పద్ధతిలో. ‘మాట నిలబెట్టుకున్నావు, కాదనను. గడ్డం దాకా ఎందుకు రానిచ్చావు? మోకాలి దగ్గర గుర్తు రాలేదా? ఆ కాలు ఇక గొట్టంలోకి దూరుతుందా? ఈ మనిషిని ఇంత నమ్మకంతో పుట్టించి, ఇలాంటివాళ్ళ చేతికింద ఎందుకు పెట్టావు? దీనికి జవాబు చెప్పేదాకా నిన్ను వదలను.’ ఇద్దరి గొంతులూ కలిసి ఆ చిన్న బండిలో ఒకటే గోల. పక్కన కూర్చున్న నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మా ఆయన దుప్పటిలోంచి చెయ్యి తీసి, స్ట్రెచరు ఇనప పట్టీ మీదికి తెచ్చాడు. వేలు మడిచాడు. 

“ఒక్కటి కొట్టావంటే చూడు” అన్నాను.

అతను నా వంక చూశాడు. తర్వాత రెండు కొట్టాడు. అత్త ప్రార్థన మధ్యలో ఆపేసింది, నేను తిట్టు మధ్యలో ఆపేశాను, ఇద్దరం అతని దగ్గరికి జరిగాం.